తాళము వేసినదెవరు?
(గ్రామ పంచాయతీ సభ్యులకు కంప్యూటరు భద్రతపై ఒక పాఠము)

హైదరాబాదు పాతబస్తీలోని పురానీ హవేలీ ఒకప్పుడు నిజాముల నివాసము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవ సందర్భమున వచ్చిన కానుకలను ఇప్పుడు అచ్చటి మ్యూజియములో భద్రపరచియున్నారు. 2018 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి దొంగలు అందులో ప్రవేశించి, రత్నములు పొదిగిన బంగారు టిఫిను డబ్బాను, దానితోపాటు బంగారు కప్పును, సాసరును, చెంచాను అపహరించినారు. వారు వచ్చిన త్రోవ ద్వారము కాదు. గోడపైనున్న వెంటిలేటరు గుండా త్రాడు వేసికొని లోనికి దిగినారు. పోలీసులు ఇద్దరిని పట్టుకొని, సెప్టెంబరు 11వ తేదీన ఆ వస్తువులను ప్రజలకు చూపినారు.

ఈ సంగతి చదివినవారు తాళమును గూర్చి ఒక విషయము గ్రహింతురు. తాళము ఎంత గట్టిదైనను అది ఉన్నచోటనే కాపాడును. దొంగ వేరొక త్రోవను వెదకుకొనును. తాళపుచెవి పోగొట్టుకొన్న యజమాని మాత్రము ఆ తలుపు ఎదుటనే నిలిచిపోవును. నేడు మన పంచాయతీ కార్యాలయములలో బీరువాకు తోడుగా కంప్యూటరు వచ్చినది. ఇంటి పన్ను లెక్కలు, జనన మరణముల నమోదులు, పింఛనుదారుల వివరములు అందులో చేరినవి. దాని తాళమును గూర్చి సభ్యులు తెలిసికొనవలసినది చాల కలదు.

మిత్రుని లాప్‌టాపు

మాకు తెలిసిన మిత్రులొకరు పాతబస్తీలోని షాలిబండ నివాసి. పత్తర్‌గట్టిలో ముత్యముల దుకాణమునందు లెక్కలు వ్రాయుదురు. తీరిక వేళలలో చుట్టుప్రక్కల చిన్న దుకాణదారుల జీఎస్టీ లెక్కలు కూడ సిద్ధము చేయుచుందురు. ఒకనాటి సాయంకాలము వారు తమ లాప్‌టాపును గుడ్డసంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చినారు. అది చెడిపోగా మదర్‌బోర్డు మార్పించినారట. ఆ మీదట తెర తెరచినంతనే నీలిరంగు పలక కనబడి, 48 అంకెల సంఖ్యను అడుగుచున్నది. తమ పాస్‌వర్డు వారికి బాగుగా జ్ఞాపకమున్నది. కాని ఆ పలక పాస్‌వర్డును అడుగుటయే లేదు. నెలసరి లెక్క దాఖలు చేయవలసిన గడువు 20వ తేదీ. ఇంక నాలుగు దినములే మిగిలియున్నవి.

వారి పొరుగు యువకుడొకడు, ఫలానా చోట అయిదువందల రూపాయలిచ్చినచో ఎట్టి తాళమునైనను తీయుదురని చెప్పినాడట. మేము కంప్యూటరు విద్యలో నిపుణులము కాము. అయినను, తొందరపడవద్దని చెప్పి వారితో కూడ ఆ దుకాణమునకు పోయితిమి. దుకాణదారుడు నిజాయితీపరుడు. తెరను చూచి, "చాచా, ఇందులోనిదంతయు తుడిచివేసి ఖాళీ యంత్రము ఇమ్మన్నచో గంటలో ఇత్తును. లోపలి లెక్కలు కావలెనన్నచో నా వల్ల కాదు, ఎవరి వల్లనూ కాదు. ఆ సంఖ్య మీ దగ్గరనే ఎచ్చటనో ఉండవలెను" అన్నాడు.

మా మిత్రుని మొగము పాలిపోయినది. ఆ లెక్కలు ఆయన ఒక్కరివి కావు. నలుగురు దుకాణదారులు నమ్మి అప్పగించిన ఆరేండ్ల లెక్కలవి.

పాస్‌వర్డు వేరు, గూఢలిపి వేరు

దుకాణదారుని మాటలోని మర్మమును సభ్యులు గ్రహింపవలెను. కంప్యూటరునకు రెండు విధములైన తాళములు ఉండవచ్చును.

మొదటిది పాస్‌వర్డు. ఇది వీధి తలుపునకు వేసిన తాళము వంటిది. ఇంటిలోని కాగితములు మామూలు అక్షరములలోనే ఉండును. యంత్రములోని డిస్కును ఊడదీసి మరియొక యంత్రమునకు తగిలించినచో వానిని చదువవచ్చును. కనుక ఒక్క పాస్‌వర్డును నమ్ముకొన్న యంత్రము దొంగచేత చిక్కినచో, అందులోని సమాచారము అతని చేత చిక్కినట్లే.

రెండవది గూఢలిపి. ఇందు డిస్కుపైనున్న ప్రతి అక్షరమును యంత్రమే మారువ్రాత వ్రాసి ఉంచును. విండోస్ యంత్రములలో దీనిని బిట్‌లాకర్ అనియు, ఆపిల్ యంత్రములలో ఫైల్‌వాల్ట్ అనియు పిలుతురు. విండోస్ యంత్రములలో దానిని విప్పు తాళపుచెవి యంత్రములోని ఒక చిన్న భద్రతా చిప్పులో ఉండును. యంత్రము తన పూర్వపు స్థితిలోనే ఉన్నంతవరకు చిప్పు ఆ చెవిని తనంతట తానే అందించును. మదర్‌బోర్డు మారినచో, లేదా ఎవరైన డిస్కును మరియొక యంత్రములో పెట్టినచో, చెవి లభింపదు. అప్పుడు యంత్రము రికవరీ కీ అను 48 అంకెల సంఖ్యను అడుగును. మా మిత్రుని విషయమున జరిగినది ఇదియే. మరమ్మతు చేయించినది యజమానియా, దొంగయా అని యంత్రమునకు తెలియదు. కనుక రుజువు చూపుమని అడిగినది.

ఇటీవలి కొత్త విండోస్ లాప్‌టాపులు పెక్కింటిలో ఈ గూఢలిపి యజమానికి తెలియకుండగనే అమలులోనుండును. మైక్రోసాఫ్టు ఖాతాతో యంత్రమును మొదట సిద్ధపరచినప్పుడు రికవరీ కీ ఆ ఖాతాలోనికి చేరును. ఖాతా ఎవరిదైన, చెవి వారి వద్దనుండును.

కువైట్ నుండి వచ్చిన అంకెలు

ఈ సంగతి తెలిసినంతనే మా మిత్రునికి ఒక విషయము స్ఫురించినది. ఆ లాప్‌టాపును కొనియిచ్చి, మొట్టమొదట సిద్ధపరచినది వారి పెద్దకుమారుడు. అతడు ఉద్యోగమునకై కువైట్ పోయి మూడేండ్లయినది. ఆ రాత్రి అతడు పని ముగించుకొని గదికి చేరు వేళకు ఫోను చేసినారు. కుమారుడు తన ఖాతాను తెరచి చూచినాడు. అందు రెండు యంత్రముల చెవులున్నవి. ఏది కావలెనో తెలియుటకు నీలి పలకపైనే ఒక గుర్తు సంఖ్య కనబడును. దాని మొదటి ఎనిమిది అక్షరములను పోల్చుకొని, సరియైన చెవిని గుర్తించినాడు.

అటుపిమ్మట కుమారుడు ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలు చదివినాడు. తండ్రి ఒక్కొక్క అంకెను మరల పలుకుచు కొట్టినారు. ఐదవ వరుసను యంత్రము అంగీకరింపలేదు. కుమారుడు 'సాత్' అన్నదానిని తండ్రి 'ఆఠ్' అని విని, ఏడునకు మారుగ ఎనిమిది కొట్టినారు. ఈ సంఖ్యలోని ప్రతి ఆరంకెల వరుసయు 11 చేత నిశ్శేషముగా భాగింపబడునట్లు ఏర్పాటు కలదు. అందువలన ఒక్క అంకె తప్పినను యంత్రము పసిగట్టును. సవరించి కొట్టిన కొంతసేపటికి లెక్కల పుస్తకములు తెరపై కనబడినవి. గడువులోపల దాఖలు జరిగినది. మరునాడు మా మిత్రులు ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో భద్రపరచినారు.

మొదటి ప్రశ్న

మిత్రుడొకడు మూయబడిన లాప్‌టాపును తెచ్చి, తాళము తీయించుమని అడిగినచో, ఎట్లు తీయవలెనని ఆలోచించుటకు ముందు, ఆ తాళము వేసినదెవరని అడుగవలెను. దాని జవాబునుబట్టి చేయవలసిన పని మారును.

తాళము వేసినది యజమానియే అయినచో మార్గము సులభము. మైక్రోసాఫ్టు ఖాతా పాస్‌వర్డు మరచినచో, ఖాతాకు జతపరచిన ఫోను నంబరు ద్వారా కొత్తది పొందవచ్చును. గూఢలిపి అడ్డుపడినచో రికవరీ కీని వెదుకవలెను. అది ఖాతాలోనో, అచ్చువేసిన కాగితముపైననో, పెన్‌డ్రైవులోనో ఉండవచ్చును. ఎచ్చటను లేనిచో యంత్రమును తుడిచి కొత్తగా వాడుకొనవచ్చునే గాని, లోపలి సమాచారము తిరిగి రాదు. వేరుగ నకలు తీసియుంచినవారు మాత్రమే అప్పుడు గట్టెక్కుదురు.

తాళము వేసినది ఒక సంస్థ అయినచో విషయము వేరు. హైటెక్ సిటీ కంపెనీలు తమ ఉద్యోగులకు లాప్‌టాపులిచ్చి, వానిలో భద్రతా సాఫ్ట్‌వేరును తామే అమర్చును. యంత్రము పోయినను, ఉద్యోగి మానివేసినను, సంస్థ దూరమునుండియే దానిని మూయగలదు. యంత్రము ఉద్యోగి చేతిలో ఉండుటచే అతడు దానికి యజమాని కానేరడు. కావున అతని అనుమతి చాలదు. సంస్థ కంప్యూటరు విభాగమును అడుగుటయే మార్గము. అట్టి లాప్‌టాపులు కొన్ని చేతులు మారి తక్కువ ధరకు అమ్మకమునకు వచ్చును. కొత్తగా విండోస్ ఎక్కించి ఇంటర్నెట్టుకు తగిలించినప్పుడు తెరపై ఒక కంపెనీ పేరు కనబడి, ఆ కంపెనీ ఖాతాను అడిగినచో, కొనుగోలుదారు అచ్చటనే ఆగి బిల్లును అడుగవలెను. దొంగసొత్తని ఎరిగియు, లేదా అట్లనుకొనుటకు తగిన కారణముండియు, దురుద్దేశముతో పుచ్చుకొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద నేరము.

తాళము వేసినది దొంగయే కూడ కావచ్చును. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము 150కి పైగా దేశములలో వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, విడిపించుటకు సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాతబడినవి. ఆ లోపమును సవరించు అప్‌డేటును మైక్రోసాఫ్టు అదే సంవత్సరము మార్చిలోనే విడుదల చేసియుండెను. వేసికొన్నవారు తప్పించుకొనిరి. వేసికొననివారు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నారు. ఇట్టి ఆపద వచ్చినప్పుడు యంత్రమును వెంటనే ఇంటర్నెట్టునుండి విడదీయవలెను. సొమ్ము చెల్లింపరాదు. చెల్లించినను ఫైళ్లు తిరిగి వచ్చునన్న హామీ లేదు.

మరియొక మోసము కలదు. ఇంటర్నెట్టు చూచుచుండగా తెర నిండ ఎర్రని హెచ్చరిక కనబడి, "మీ కంప్యూటరు మూయబడినది, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని చెప్పును. ఇది భద్రతా సాఫ్ట్‌వేరు వేషము ధరించిన దొంగ. మైక్రోసాఫ్టు వారి నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. ఫోను చేయక, బ్రౌజరును మూసివేసినచో చాలును. అది మూతపడనిచో యంత్రమును ఆపి మరల నడుపవలెను.

కాపలావాడే అడ్డుపడిన దినము

భద్రతా సాఫ్ట్‌వేరు కూడ ఒక్కొక్కప్పుడు పొరపడును. 2024 జూలై 19వ తేదీ శుక్రవారము ఉదయము క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేరునకు పంపిన ఒక ఫైలులో లోపముండెను. దానివలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెరపై ఆగిపోయినట్లు మైక్రోసాఫ్టు అంచనా వేసినది. విమానాశ్రయములు, ఆసుపత్రులు, బ్యాంకులు చిక్కులలో పడినవి. మన శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చినారు.

లోపమున్న ఫైలును ఆ సంస్థ 78 నిమిషములలో ఉపసంహరించెను. కాని అప్పటికే ఆగిపోయిన యంత్రములలో చాల భాగమును మనుష్యులు ఒక్కొక్కదాని ఎదుట కూర్చుండి సరిచేయవలసి వచ్చెను. గూఢలిపి ఉన్న యంత్రములు పెక్కు ఆ 48 అంకెలను అడిగినవి. చెవుల జాబితాను ముందుగా భద్రపరచుకొన్న సంస్థలకు పని త్వరగా ముగిసినది. ఆ జాబితాను కూడ ఆగిపోయిన కంప్యూటరులోనే ఉంచుకొన్నవారు, చెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళము వేసికొన్నవారివలె అవస్థపడిరి. పత్తర్‌గట్టి మిత్రునికైనను, పెద్ద కంపెనీలకైనను నియమము ఒక్కటే. తాళము పడుటకు ముందే చెవికి చోటు నిర్ణయింపవలెను.

చట్టము చెప్పునది

సమాచార సాంకేతిక చట్టము 2000 అక్టోబరు 17 నుండి అమలులోనికి వచ్చినది. యజమాని లేక బాధ్యుని అనుమతి లేకుండ కంప్యూటరులో ప్రవేశించుట, సమాచారమును నకలు తీయుట, చెరపుట ఆ చట్టము 43వ సెక్షను క్రిందకు వచ్చును. నష్టపరిహారము చెల్లింపవలసియుండును. ఆ పనిని మోసపు తలంపుతో గాని దురుద్దేశముతో గాని చేసినచో, 66వ సెక్షను క్రింద మూడేండ్లవరకు జైలు, అయిదు లక్షల రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఒకరి పాస్‌వర్డును గాని, ఎలక్ట్రానిక్ సంతకమును గాని మోసపూరితముగ వాడినచో 66-సి సెక్షను క్రింద మూడేండ్లవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా కలదు.

మిత్రుడు కదా అను మాట చట్టమునందు లేదు. మిత్రుడే స్వయముగ అడిగినప్పుడు, అతని ఎదుట, అతని యంత్రమును అతడే తెరచునట్లు సాయపడుట మంచి పని. అతనికి తెలియకుండ తెరచుట నేరమునకు దారితీయును. భార్యాభర్తల మధ్యనైనను, అన్నదమ్ముల మధ్యనైనను ఈ హద్దు మారదు.

పంచాయతీకి దీనితో పని ఏమి?

ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ 2020 ఏప్రిల్ 24న ప్రారంభమయినది. దానిద్వారా జరుగు చెల్లింపులకు డిజిటల్ సంతకములు కావలెను. ఆ సంతకము ఒక చిన్న యూఎస్‌బీ టోకెనులో ఉండును. దానికి ఒక పిన్ ఉండును. పని త్వరగ కావలెనని టోకెనును, పిన్‌ను కంప్యూటరు ఆపరేటరుకు అప్పగించుట కొన్నిచోట్ల వాడుకగ మారినది. చట్టము దృష్టిలో ఆ సంతకము కాగితముపై సిరాతో చేసిన సంతకమునకు సమానము. ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. దొంగచేతికి తాళపుచెవి ఇచ్చినట్లన్న సామెత మనకు కొత్త కాదు. ఆపరేటరు మంచివాడే కావచ్చును. అయినను, రేపు లెక్క తేలనప్పుడు జవాబు చెప్పవలసినవాడు సంతకము గలవాడే.

మరియొక చిక్కు కార్యదర్శి బదిలీ అయినప్పుడు, లేక ఆకస్మికముగ మరణించినప్పుడు వచ్చును. యంత్రము పంచాయతీది. పాస్‌వర్డు మాత్రము ఆయనకే తెలియును. రికవరీ కీ ఆయన సొంత ఖాతాలోనుండును. అట్టి సమయమున బజారులో తాళము తీయువానిని వెదకుట కంటె, ముందుగ ఈ క్రింది ఏర్పాట్లు చేసికొనుట మేలు.

1. పంచాయతీ కంప్యూటరును ఎవరి సొంత ఖాతాతోను గాక, పంచాయతీ పేరిటనున్న అధికారిక ఖాతాతో సిద్ధపరచవలెను.

2. గూఢలిపి అమలులోనున్నదో లేదో తెలిసికొని, ఉన్నచో రికవరీ కీని రెండు కాగితములపై వ్రాసి, సీలు వేసిన కవరులలో పెట్టవలెను. ఒకటి పంచాయతీ బీరువాలో, రెండవది మండల పరిషత్ కార్యాలయములో ఉంచవలెను. లాప్‌టాపు సంచిలో ఎన్నడును ఉంచరాదు.

3. కార్యదర్శి మారినప్పుడు ఛార్జి అప్పగింత జాబితాలో కంప్యూటరు, ఖాతాలు, కవరు అను మూడింటిని చేర్చవలెను. కొత్తవారు రాగానే పాస్‌వర్డులు మార్చవలెను.

4. ముఖ్యమైన లెక్కలకు నెలకొకసారి వేరు డిస్కుపై నకలు తీసి, తీసిన వెంటనే దానిని యంత్రమునుండి విడదీయవలెను. తగిలించియున్న నకలును దొంగ ప్రోగ్రాము కూడ మూయగలదు. నకలు తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

5. డిజిటల్ సంతకపు టోకెను ఎవరిదో వారియొద్దనే ఉండవలెను. పిన్‌ను ఇతరులకు చెప్పరాదు.

6. అప్‌డేటులు వాయిదా వేయరాదు. విండోస్ 10 పద్ధతికి సాధారణ భద్రతా సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంకను దానితో నడుచు యంత్రములను గుర్తించి పై అధికారులకు తెలుపవలెను.

7. కుర్చీ విడిచి లేచునప్పుడు విండోస్ మీటను, ఎల్ మీటను కలిపి నొక్కినచో తెర మూతపడును. ఇది రెండు క్షణముల పని.

8. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. జాతీయ సైబర్ నేరముల పోర్టల్‌లో కూడ ఫిర్యాదు చేయవచ్చును. ఆలస్యమైనకొలది సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పోవుచునే యుండును.

సమావేశమున ప్రవేశపెట్టదగిన తీర్మానము

"మన పంచాయతీకి చెందిన కంప్యూటర్ల జాబితా, ఖాతాల జాబితా తయారుచేయవలెననియు, రికవరీ కీలను సీలు వేసిన కవరులలో రెండుచోట్ల భద్రపరచవలెననియు, నెలసరి నకలు తీయు బాధ్యతను కార్యదర్శికి అప్పగింపవలెననియు, ఈ ఏర్పాటును ఆరు మాసములకొకసారి పాలకవర్గము పరిశీలింపవలెననియు తీర్మానించడమైనది."

చర్చించుకొనదగిన ప్రశ్నలు

1. మన కార్యదర్శి రేపు సెలవుపై పోయినచో, పంచాయతీ లెక్కలను చట్టబద్ధముగ తెరచుటకు అధికారము, చెవి ఎవరియొద్ద ఉన్నవి?

2. మన డిజిటల్ సంతకపు టోకెను ఈ క్షణమున ఎచ్చటనున్నది?

3. చివరి నకలు ఏనాడు తీసితిమి? దానిని ఎవరైన తెరచి చూచినారా?

ఈ మూడింటికి వెంటనే జవాబు చెప్పగల పంచాయతీకి మా పాఠముతో పనిలేదు. చెప్పలేని పంచాయతీ తదుపరి సమావేశమువరకు వేచియుండక, ఈ వారములోనే ఆ కవరును సిద్ధము చేసికొనవలెనని కోరుచున్నాము. పత్తర్‌గట్టి మిత్రునికి కువైట్‌లో కుమారుడు ఉన్నాడు, ఆ రాత్రి ఫోను తీసినాడు. పింఛనుకై ఎదురుచూచు ముసలివారి పేర్లు మూతపడిన తెర వెనుక చిక్కుకొన్ననాడు, మనకు ఫోను తీయువారు ఎవరని సభ్యులు ఆలోచింతురు గాక.